ముగ్గురు రాజుల శిస్తు, ఒక్క హద్దురాయి: పెత్సామో కథ



1930ల నాటి ఫిన్లాండ్ పటం రెండు చేతులూ పైకెత్తి నిలబడిన ఆడమనిషిలా ఉండేది. ఆ దేశస్తులు దాన్ని ఫిన్లాండ్ కన్య అంటారు. ఇప్పటి పటంలో ఆమెకు ఒక్క చెయ్యే ఉంది. తూర్పు చెయ్యి 1944లో పోయింది. ఫిన్లాండ్ వాళ్లు పెత్సామో అని, రష్యన్లు పెచెంగా అని పిలిచే ఆ నేల ఆర్కిటిక్ వృత్తానికి చాలా ఎగువన, బారెంట్స్ సముద్రం ఒడ్డున ఉంది. విస్తీర్ణం సుమారు 10,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత తూర్పు గోదావరి జిల్లా కన్నా కాస్త చిన్నది. పొట్టి బర్చ్ చెట్లు, బండరాళ్లు, సరస్సులు, సాల్మన్ చేపలు ఎదురీదే నదులు. శీతాకాలంలో వారాల తరబడి సూర్యుడు కనిపించడు. ఇలాంటి చోటు కోసం ఇన్ని రాజ్యాలు ఎందుకు కొట్టుకున్నాయన్నది మొదటి ప్రశ్న. కానీ నాకు రెండో ప్రశ్న మీదే ఎక్కువ ఆసక్తి. ఈ నేల "ఒకరిది" ఎప్పుడు అయింది?

ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు బతుకంతా సర్వే దస్తావేజులు, జమాబందీ లెక్కలు తిరగేసిన మనిషి. ఫలానా ఊరు ఏ రాజుదండీ అని అడిగితే, అక్కడి రైతులు శిస్తు ఎవరికి కట్టారో ముందు చూసేవారు. హద్దురాయి ఎవరు పాతారో ఆ తర్వాత చూసేవారు. ఈ రెండు పనులూ ఒకరే చేసి ఉండాలని లేదన్నది ఆయన పట్టు. నేను ఆ పద్ధతినే తీసుకుపోయి, ఆయన ఏనాడూ చూడని నేల మీద పెట్టి చూస్తున్నాను.

పెత్సామో ఎన్నిసార్లు చేతులు మారిందో చరిత్రకారులు వేళ్ల మీద లెక్కపెడతారు. ఆ లెక్క తప్పేమీ కాదు. కాకపోతే ఆ మార్పులన్నిటికన్నా పెద్ద మార్పు 1826లోనే జరిగిపోయిందని నేనంటాను. ఆ ఏడు ఉమ్మడి నేలను గీత గీసి పంచుకున్నారు. ఇక మీదట అది ఎవరో ఒకరిదే కావాలన్న మాట అప్పుడు పుట్టింది. ఆ తర్వాత జరిగిన స్వాధీనాలు, ఒప్పందాలు, అమ్మకాలు అన్నీ దాని వెనకాలే వచ్చాయి.

ముందు అక్కడి మనుషుల సంగతి చెప్పాలి. వాళ్లు స్కోల్ట్ సామీలు. ఉత్తర ఐరోపా ఆదివాసులైన సామీలలో తూర్పు వైపు వాళ్లు. చేపలు పట్టడం, రెయిన్‌డీర్లు పెంచడం, వేట వాళ్ల బతుకుతెరువు. ఒక్కో గ్రామసమాజానికీ తనదైన పెద్ద ప్రాంతం ఉండేది. పెత్సామో, పాస్విక్, సువోనికులా, నైడెన్ అలాంటివి. గ్రామమంటే ఒకచోట స్థిరపడిన ఇళ్ల వరస అనుకోకండి. నడి శీతాకాలంలో కుటుంబాలన్నీ శీతాకాలపు ఊరికి చేరతాయి. వసంతం రాగానే విడిపోయి, ఎవరి సరస్సు ఒడ్డుకు వాళ్లు, ఎవరి నది దగ్గరికి వాళ్లు వెళ్లిపోతారు. ఏ నీళ్లలో ఏ కుటుంబం వల వెయ్యాలో కుటుంబ పెద్దలు కూర్చుని గ్రామసభలో తేల్చేవారు. కాలం మారి ఒక ఇంట్లో మనుషులు పెరిగి, ఇంకో ఇంట్లో తగ్గితే నీళ్ల వాటాలు మళ్లీ సర్దేవారు.

అందరూ ఒకచోట దొరికేది శీతాకాలంలోనే కదా! శిస్తు వసూలుకు వచ్చేవాడూ అప్పుడే వచ్చేవాడు. మంచు మీద బండి సులువుగా జారుతుంది, చిత్తడి నేలలన్నీ గడ్డకట్టి దారులవుతాయి. అయితే వచ్చేవాడు ఒక్కడు కాదు. 16, 17 శతాబ్దాల్లో ఇటు డెన్మార్క్-నార్వే రాజు మనిషి, అటు మాస్కో జార్ మనిషి, దక్షిణం నుంచి స్వీడన్ రాజు మనిషి వచ్చేవారు. పక్కనున్న ఇనారి సామీలు చాలాకాలం ముగ్గురికీ కట్టారు. ఇది దోపిడీయే, సందేహం లేదు. తెచ్చిన బొచ్చు తోళ్లు, ఎండుచేపలు మూడు వాటాలుగా పోతే ఇంటికి మిగిలేదెంత? కానీ ఈ అన్యాయంలోనే ఒక వెసులుబాటు ఉంది. ముగ్గురూ తమదేనన్న నేల మీద ఎవరూ కంచె వెయ్యలేరు. రెయిన్‌డీర్ మంద ఎండాకాలం సముద్రం వైపు, చలికాలం అడవి వైపు అడ్డూ ఆపూ లేకుండా తిరిగింది.

ముగ్గురు రాజుల ఈ పోటీ ఎంత విచిత్రంగా సాగిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. నార్వే ఉత్తర కొసన వార్డోహుస్ అనే కోట ఉంది. కోలా ద్వీపకల్పం మీద కూడా తమ రాజుకు శిస్తు హక్కు ఉందని కోపెన్‌హాగెన్ వాదన. రష్యన్లు ఒప్పుకోలేదు. అయినా వార్డోహుస్ నుంచి అధికారి బయలుదేరి, ఇప్పటి మూర్మన్స్క్‌కు దగ్గర్లో ఉన్న కోలా పట్నానికి పోయేవాడు. మా రాజుగారికి రావలసిన శిస్తు ఇవ్వండని అడిగేవాడు. వాళ్లు ఇవ్వమనేవారు. ఈయన తిరిగి వచ్చేవాడు. మళ్లీ మరోసారి వెళ్లేవాడు. వసూలు కాదని తెలిసీ ఈ ప్రయాణాలు 1813 దాకా సాగాయి! అడగడం మానేస్తే హక్కు పోతుందని భయం. పైసా రాదని తెలిసినా రెండు తరాల పాటు కోర్టు వాయిదాలకు తిరిగే మనవాళ్లకు ఇది కొత్తగా తోచదు.

రష్యా పద్ధతి వేరు. అది శిస్తు గుమాస్తాతో పాటు గుడినీ పంపింది. త్రిఫోన్ అనే సన్యాసి 1533లో పెచెంగా నది దగ్గర మఠం పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. స్కోల్ట్‌లకు ఆర్థడాక్స్ క్రైస్తవం ఇచ్చినవాడు ఆయనే. పాస్విక్ నది ఒడ్డున బోరిస్, గ్లెబ్ అనే సోదర పునీతుల పేరిట చర్చి కట్టించింది కూడా ఆయనే. మఠం చేపల నీళ్ల మీద హక్కులు సంపాదించి, వ్యాపారం పెంచి, బాగా బలిసింది. త్రిఫోన్ చనిపోయిన ఆరేళ్లకు, 1589 క్రిస్మస్ రోజుల్లో, స్వీడన్ పక్షాన పెక్కా వెసాయినెన్ అనే ఫిన్లాండ్ రైతు దళాన్ని తీసుకొచ్చి మఠాన్ని కాల్చేశాడు. సన్యాసులు, పనివాళ్లు కలిసి నూరుమందికి పైగా చచ్చిపోయారు. మఠం కాలిపోయినా మతం నిలిచింది. స్కోల్ట్‌లు ఇప్పటికీ ఎక్కువమంది ఆర్థడాక్స్‌లే. రెండు శతాబ్దాల తర్వాత గీత గీయాల్సి వచ్చినప్పుడు ఆ చర్చి ఎంత పని చేసిందో చూడండి.

1814లో నార్వే డెన్మార్క్ చేతిలోంచి స్వీడన్ రాజు కిందికి వచ్చింది. అంతకు ఐదేళ్ల ముందే ఫిన్లాండ్ స్వీడన్ నుంచి రష్యా జార్ కిందికి పోయింది. ముగ్గురు పోటీదారులు ఇద్దరయ్యారు. ఇద్దరైతే పంచుకోవచ్చు. 1825లో నార్వే తరఫున స్పోర్క్, రష్యా తరఫున గల్యామిన్ అనే సైనికాధికారులు కొలతలకు దిగారు. 1826 మేలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సంతకాలయ్యాయి. చాలామేరకు పాస్విక్ నది, యాకబ్ నది హద్దులు. అయితే బోరిస్ గ్లెబ్ చర్చి నదికి పడమటి ఒడ్డున ఉంది. నదే హద్దయితే చర్చి నార్వేకు పోతుంది. అందుకని అక్కడ మాత్రం గీత నది దాటి, చర్చి చుట్టూ నాలుగు చదరపు కిలోమీటర్లు కూడా నిండని చిన్న జేబు చేసి, మళ్లీ నదిలోకి దిగింది. ఇప్పటికీ ఆ జేబు రష్యాదే. గల్యామిన్ నార్వేకు మరీ ఎక్కువ వదిలేశాడని రష్యన్లు తర్వాత చాలాకాలం తిట్టుకున్నారు.

రెండు రాజ్యాలూ మర్యాదగానే పంచుకున్నాయి, ఒక్క తూటా పేలలేదు. నైడెన్ స్కోల్ట్‌లు నార్వే ప్రజలయ్యారు. పాస్విక్, పెచెంగా, సువోనికులా వాళ్లు రష్యా ప్రజలయ్యారు. చలికాలపు ఊరు ఒక దేశంలో, ఎండాకాలపు సాల్మన్ రేవు ఇంకో దేశంలో పడ్డ కుటుంబాలున్నాయి. 1751లో డెన్మార్క్-నార్వే, స్వీడన్ తమ హద్దు గీసుకున్నప్పుడు, సామీలు మందలతో గీత దాటవచ్చని ఒప్పందానికి ఒక అనుబంధం రాసుకున్నారు. దాంతో పోలిస్తే 1826 నాటిది పిసినారి గీత. గీత ఉన్నాక దాన్ని మూసెయ్యడమూ సాధ్యమే. 1852లో ఫిన్లాండ్-నార్వే హద్దును రెయిన్‌డీర్ మందలకు మూసేశారు. మరోవైపు యాకబ్ నది ముఖద్వారం దగ్గర రష్యన్ జాలర్లు తమ నీళ్లలోకి వస్తున్నారని నార్వే ఫిర్యాదు. తుపాకి ఓడ పంపాలా అని ఆలోచించి, చివరికి 1869లో ఒక రాతి చర్చి కట్టారు. చర్చి జోలికి ఏ జాలరీ రాడని లెక్క. ఆస్కార్ రాజు పేరున్న ఆ చర్చి ఇంకా అక్కడే ఉంది.

ఇక ఫిన్లాండ్ చెయ్యి ఎలా మొలిచిందో చూద్దాం. 1864లో రెండో అలెగ్జాండర్ జార్ తుపాకుల కర్మాగారం కోసం ఫిన్లాండ్ దక్షిణాన ఉన్న సియెస్టర్‌యోకి ప్రాంతాన్ని రష్యాలో కలుపుకున్నాడు. బదులుగా ఆర్కిటిక్ తీరం కొంత ఇస్తామన్నాడు. ఇవ్వలేదు. ఆ బాకీని ఫిన్లాండ్ మర్చిపోలేదు. రష్యాలో విప్లవం తర్వాత 1918లో, 1920లో ఫిన్లాండ్ స్వచ్ఛంద దళాలు పెత్సామోను పట్టుకోవాలని పోయి, రెండుసార్లూ వెనక్కి వచ్చాయి. బలంతో రానిది 1920 అక్టోబర్ 14న తార్తు ఒప్పందంలో బల్ల దగ్గర వచ్చింది. రెపోలా, పొరాయార్వి అనే రెండు కరేలియా మండలాల నుంచి ఫిన్లాండ్ వైదొలిగింది. పెత్సామో, దానితో పాటు రిబాచి ద్వీపకల్పంలో పడమటి భాగం దాని చేతికి వచ్చాయి. స్కోల్ట్‌లను ఎవరూ అడగలేదు. 1826లో అడిగితే కదా 1920లో అడగడానికి.

ఫిన్లాండ్ చేతిలో ఉన్న రెండు దశాబ్దాలూ చాలామంది ఫిన్లాండ్ పెద్దలకు తీపి జ్ఞాపకం. రొవానియెమి నుంచి లీనాహమరి రేవు దాకా 531 కిలోమీటర్ల దారి 1931కి పూర్తయింది. మోటారు కారులో ఆర్కిటిక్ మహాసముద్రం ఒడ్డుకు పోవచ్చని యాత్రికులు వచ్చేవారు. అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్ల ఆ రేవు చలికాలంలోనూ గడ్డకట్టదు. ఈ నేల విలువంతా ఆ ఒక్క మాటలో ఉందని 1921 దాకా అనుకోవచ్చు. ఆ ఏడు అక్కడ నికెల్ ఖనిజం బయటపడింది. కవచాలకు, ఫిరంగులకు వాడే ఉక్కు నికెల్ లేనిదే కుదరదు. 1934లో తవ్వే హక్కు కెనడాకు చెందిన ఇన్కో అనే కంపెనీ శాఖకు దక్కింది. కోలోస్‌యోకి దగ్గర గనులు, కొలిమి లేచాయి. ఇప్పుడు నేలకు నాలుగో హక్కుదారు దొరికాడు. ఈయన శిస్తు అడగడు, జెండా పాతడు. భూమి లోపలిది మాత్రం తనదంటాడు.

1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం పెత్సామోలోకి వచ్చింది. 1940 మార్చి ఒప్పందంలో రిబాచి ముక్క ఒక్కటీ ఉంచుకుని మిగతాది వెనక్కి ఇచ్చేసింది. అంత గెలిచినవాడు నికెల్ గనిని ఎందుకు వదిలాడు? గని బ్రిటిష్, కెనడా పెట్టుబడిది, వాళ్లతో తగువు వద్దనుకున్నాడని కొందరంటారు. నాకు అది నమ్మదగిన మాటే. కానీ మూడు నెలల్లో సోవియట్ విదేశాంగ మంత్రి మొలొతోవ్ మనసు మార్చుకుని ఆ గని హక్కు మాకివ్వండన్నాడు. అదే వేసవిలో జర్మనీ ఖనిజంలో పెద్ద వాటాకు ఒప్పందం రాయించుకుంది. ఒక గని, ముగ్గురు కొనుగోలుదారులు. డెన్మార్క్, నార్వే జర్మనీ చేతిలో పడ్డాక ఫిన్లాండ్‌కు పశ్చిమ లోకంతో మిగిలిన దారి లీనాహమరి ఒక్కటే. 1940 ఆగస్టులో అమెరికన్ లీజన్ అనే ఓడ నార్వే యువరాణి మార్థాను, ఆమె పిల్లలను అమెరికాకు తీసుకుపోయింది ఈ రేవు నుంచే.

1941 జూన్‌లో జనరల్ డీట్ల్ కింద జర్మన్ పర్వత దళాలు నార్వే వైపు నుంచి పెత్సామోలో దిగి, మూర్మన్స్క్ మీదికి నడిచాయి. లిత్సా నది దగ్గర ఆగిపోయాయి. మూడేళ్లు అక్కడే. 1944 సెప్టెంబర్ 19 నాటి మాస్కో ఒప్పందంలో ఫిన్లాండ్ పెత్సామోను వదులుకుంది. కాగితం మీద సోవియట్ యూనియన్‌కు వచ్చిన నేలలో జర్మన్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అక్టోబర్‌లో సోవియట్ సేనాని మెరెత్స్కోవ్ సైన్యం తరిమింది. పోతూ పోతూ వాళ్లు కొలిమిని, విద్యుత్ కేంద్రాన్ని పేల్చేశారు, నార్వే ఉత్తరాన ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు. కిర్కెనెస్ పక్కన బ్యోర్నెవాట్న్ ఇనుప గని సొరంగంలో సుమారు 3,000 మంది వారాల తరబడి తలదాచుకున్నారు. ఆ చీకట్లోనే పసిబిడ్డలు పుట్టారు. ఎర్రసైన్యం నార్వే నేల నుంచి 1945 సెప్టెంబర్‌లో తనంతట తానే వెళ్లిపోయింది. పెత్సామో నుంచి వెళ్లలేదు.

లెక్కలు తేల్చుకున్న తీరు చూడండి. ఇన్కో కంపెనీకి నష్టపరిహారంగా మాస్కో 2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి 1944 అక్టోబర్‌లోనే సంతకం చేసింది. యుద్ధం ఇంకా ముగియలేదు. 1947లో మరో 176 చదరపు కిలోమీటర్లు సోవియట్ చేతికి పోయాయి. ఈసారి కొనుగోలు. కొలిమికి కరెంటు ఇచ్చే యానిస్కోస్కి జలపాతం ఫిన్లాండ్ వైపు మిగిలిపోయింది కాబట్టి, దాన్నీ చుట్టుపక్కల నేలనూ 70 కోట్ల ఫిన్నిష్ మార్కులకు కొన్నారు. 20వ శతాబ్దం నడుమ ఐరోపాలో ఒక దేశం ఇంకో దేశపు నేలను రొక్కం పెట్టి కొనడం! కంపెనీకి డబ్బు ముట్టింది, ప్రభుత్వానికి డబ్బు ముట్టింది.

స్కోల్ట్‌లకు ముట్టింది వేరే. 1944 శరత్కాలంలో వాళ్లను దక్షిణాన బోత్నియా తీరంలోని కలయోకి ప్రాంతానికి తరలించారు. ఫిన్లాండ్ ప్రజలుగా ఉంటామని తేల్చుకున్నాక తిరిగి ఉత్తరానికి వచ్చారు, కానీ పాత ఊళ్లకు కాదు. సువోనికులా వాళ్లకు 1949లో సెవెట్టియార్విలో ప్రభుత్వం కొత్త ఇళ్లు కట్టించింది. మంచి ఇళ్లే. ఇంటికి ఇల్లు దూరంగా, సరస్సుల వెంట పొడుగ్గా పరిచిన ఊరు. శీతాకాలంలో అందరూ ఒకచోట చేరే ఊరన్నది దాంతో ముగిసింది. ఒక జనాన్ని కాపాడుతూనే దాని ఊరి పద్ధతిని పోగొట్టడం ఎలాగో పునరావాస శాఖలన్నిటికీ తెలుసు. తర్వాత వచ్చిన స్కోల్ట్ చట్టాలు, ముఖ్యంగా 1995 నాటిది, గ్రామసభకూ ఎన్నికైన పెద్దకూ మళ్లీ గుర్తింపు ఇచ్చాయి.

వదిలిపెట్టిన నేల మీద సోవియట్ యూనియన్ నికెల్ అనే పట్నాన్నే కట్టింది. పక్కన జపొల్యార్నీ లేచింది. దాని దగ్గరే 1970లో మొదలుపెట్టి 12,262 మీటర్ల లోతు దాకా భూమిని తొలిచారు. మనిషి చేసిన బొరియల్లో అంత లోతుది అప్పటికి లేదు. వెడల్పు మాత్రం జానెడు. నేల లోపలి కోసం జరిగిన కొట్లాటకు అంతకన్నా సరైన గుర్తు ఇంకేం కావాలి? కొలిమి వదిలిన గంధకపు పొగ కొండలను బోడి చేసి, నార్వే లోయ మీదికీ పాకింది. 1990లో ఆ మృత్యుమేఘాలను ఆపండని కిర్కెనెస్ జనం ఉద్యమం పెట్టారు. పొగకు 1826 గీత తెలియదు. కొలిమి 2020 డిసెంబర్‌లో ఆగింది. గాలి కోసమని చెప్పినా, పాతబడ్డ కొలిమిలో లాభం తగ్గడమూ కారణమేనని నా అనుమానం.

నీళ్ల సంగతి మాత్రం గీతకు పూర్తిగా లొంగలేదు. ప్రచ్ఛన్న యుద్ధం ఉద్ధృతంగా ఉన్న 1959లో ఫిన్లాండ్, నార్వే, సోవియట్ యూనియన్ మూడూ కూర్చుని ఇనారి సరస్సు నీటిమట్టం మీద ఒప్పందం చేసుకున్నాయి. ఆ సరస్సు నీళ్లే పాస్విక్‌గా పారతాయి మరి. నది మీద ఏడు విద్యుత్ కేంద్రాలు లేచాయి, ఐదు తూర్పువాళ్లవి, రెండు నార్వేవి. బోరిస్ గ్లెబ్ దగ్గర సోవియట్ కేంద్రాన్ని కట్టింది నార్వే పనివాళ్లు. ఆ చిన్న జేబులో 1965లో నార్వే వాళ్లకు వీసా లేకుండా తలుపు తెరిచారు, బీరు కోసం జనం ఎగబడ్డారు, ఓస్లో కంగారుపడింది. ఆ ఏడే న్యూకోమ్ మాట్ అనే అమెరికన్ యువకుడు అనుమతి లేకుండా హద్దు దాటి దొరికిపోయాడు. శిక్ష పడింది. 1966 జనవరిలో సోవియట్ నిర్బంధంలో చనిపోయాడు.

1993లో బారెంట్స్ సహకారం, 2012లో హద్దు పక్క ఊళ్లవాళ్లకు వీసా లేని రాకపోకలు వచ్చినప్పుడు, ముగ్గురి నేల రోజులు వెనక్కి వస్తున్నాయని ఆశ పుట్టింది. 2015 శరత్కాలంలో 5,000 మందికి పైగా శరణార్థులు రష్యా-నార్వే హద్దు మీది స్తూర్‌స్కూగ్ ద్వారం దగ్గర సైకిళ్ల మీద గీత దాటారు. నడిచి దాటడం రష్యా నిషేధం, కాగితాలు లేనివాళ్లను కారులో ఎక్కించడం నార్వే నిషేధం. మిగిలింది సైకిలే. 2022 తర్వాత ఆ తలుపులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ నాటోలో చేరింది, నవంబర్ చివరికి తన తూర్పు ద్వారాలన్నిటినీ మూసేసింది.

ఈ కథలో హక్కు కాగితాలు రాజులకే ఉన్నాయని అనిపించి ఉంటుంది. సువోనికులా స్కోల్ట్‌ల దగ్గరా ఉన్నాయి. తమ నీళ్ల మీద, నేల మీద తమ హక్కును నిర్ధారిస్తూ 1601 నుంచి జార్‌లూ వాళ్ల అధికారులూ ఇచ్చిన పత్రాలను ఒకదానికొకటి అతికించి పొడవాటి చుట్టగా చుట్టి, చెక్కపెట్టెలో దాచుకుంటూ వచ్చారు. పొరుగువాళ్లు చేపల నీళ్లలోకి చొరబడితే తీసి చూపించేవారు. 2015లో యునెస్కో ఆ పత్రాలను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. చుట్ట ఫిన్లాండ్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంది. అది చెప్పే సరస్సులు రష్యాలో ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లలు సెవెట్టియార్విలో ఉన్నారు. పత్రం ఇచ్చిన రాజ్యం చేతిలోనే నేల ఇప్పుడు ఉంది కనుక, కనీసం వాదన కోసమైనా ఆ చుట్టను ఏ కచేరీలో దాఖలు చెయ్యవచ్చో తేల్చాల్సింది న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు. మాస్టారే ఉంటే ముందు ఆ 1601 పత్రంలో శిస్తు ఎంత రాశారో చూద్దామనేవారు.